ఎనభై పౌండ్ల దారం

గాలపు దారం కొనటానికి ఒంటరిగా వెళ్ళిన ఆడమనిషిని దుకాణం అడిగే మొదటి ప్రశ్న "మీకా, మీవారికా?" అని. నాకే అన్నాక రెండోది, "ఏ చేపకి?" మస్కీకి అని చెప్పాను. కౌంటరు వెనకున్న పెద్దమనిషి ఒక్క క్షణం నా మణికట్టు వైపు చూసి, గోడకి వరసగా వేలాడుతున్న ఎనభై పౌండ్ల చుట్టల్ని దాటిపోయి, ముప్ఫై పౌండ్లది తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇదైతే మీకు తేలిగ్గా ఉంటుంది" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. నేను ఎనభైదే కొనుక్కున్నాను. ఆ రెంటికీ తేడా ఏమిటో అప్పటికే తెలుసు కాబట్టి కొనగలిగాను. తెలియని ఆడవాళ్ళు ఎంతమంది ఆ ముప్ఫై పౌండ్ల చుట్టతో ఇంటికెళ్ళి, ఒక సీజను గడిచాక "ఇది మనవల్ల అయ్యే పని కాదు" అనుకుని గాలాన్ని అటకెక్కించి ఉంటారో అని ఇప్పటికీ అనిపిస్తూ ఉంటుంది.

నేనుండేది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్‌లో. సరస్సుల మధ్య కట్టిన ఊరు. మస్కలంజ్ అనే చేపని, అందరూ మస్కీ అనే అంటారు, ఈ రాష్ట్రం 1955లో తన అధికారిక చేపగా ప్రకటించుకుంది. పేరు ఒజిబ్వే ఆదివాసుల భాషలోంచి వచ్చింది. బాతుమూతిలా చదునైన మూతి, నోటినిండా సూదుల్లాంటి పళ్ళు, నాలుగడుగులు దాటగల ఒళ్ళు. మన కొర్రమీనులాగే నాచులో నక్కి ఉండి ఒక్క ఉదుటున మీద పడుతుంది. ఉత్తరాన హేవర్డ్ అనే చిన్న ఊళ్ళో దీనికి 143 అడుగుల ఫైబర్‌గ్లాసు బొమ్మ కట్టారు. జనం దాని లోపలినుంచి మెట్లెక్కి, నోట్లో నిలబడి ఫోటోలు దిగుతారు. ఒక చేపకి గుడి కట్టినంత పని.

దీన్ని వానపాముతో పట్టరు. చెక్కతోనో రబ్బరుతోనో చేసిన ఉత్తుత్తి చేపనో, తళతళలాడే రేకులకి లేడితోక వెంట్రుకలు కట్టిన ఎరనో దూరంగా విసిరి, చుట్టి లాక్కుని, మళ్ళీ విసరాలి. పదివేల విసుర్లకి ఒక చేప అని ఇక్కడి నానుడి. అంత ఘోరమేమీ కాదుగానీ పొద్దుటినుంచీ రాత్రిదాకా విసిరి ఉత్తచేతులతో ఇంటికి రావటం మామూలే. ఎరలు కూడా చిన్నవి కావు. వంద గ్రాములది మామూలు ఎర. రబ్బరువాటిలో పెద్దవి అరకిలో దగ్గరదాకా తూగుతాయి.

చుట్టమీద రాసి ఉండే పౌండ్లు చూసి అందరూ వేసే లెక్క ఒకటుంది. ముప్ఫై పౌండ్ల చేపకి ముప్ఫై పౌండ్ల దారం చాలదా? నీళ్ళలో ఉన్న చేప తన బరువంతా దారానికి వేలాడదీయదు కాబట్టి, ఆ లెక్కనైతే ఇరవై కూడా చాలాలి. కానీ మస్కీకి దారాన్ని ఎంచుకునేది చేప బరువుని బట్టి కాదు, విసురుని బట్టి. ఎర గాల్లో పోతుంటే దాని వెనక దారాన్ని వదులుతూ రీలు గిర్రున తిరుగుతుంది. ఎర వేగం తగ్గినా రీలు వేగం తగ్గకపోతే దారం ఉబ్బి, పిచ్చుక గూడులా చిక్కుపడి, టక్కున ఆగిపోతుంది. గాల్లో ఉన్న ఎర ఊపంతా ఆ క్షణంలో ఒక్కచోట దారం మీద పడుతుంది. సన్నదారం తెగేది అక్కడ, చేప దగ్గర కాదు. తెగిన ఎర ఆగదు కదా, మూడు కొక్కేల గాలాలు రెండు మూడు వేసుకుని అలా ఎగిరిపోతూనే ఉంటుంది. పడవలో పక్కనే ఇంకొకరు నిలబడి ఉన్నప్పుడు ఇది నవ్వుకునే విషయం కాదు. సన్నదారానికి మరో గుణం, బలంగా లాగినప్పుడు కింది వరసల్లోకి దిగబడి కూర్చుంటుంది. మరుసటి విసురుకి అక్కడ పట్టేస్తుంది. మళ్ళీ అదే కథ.

ఇక ఏ పదార్థం అన్నది. పడుగూ పేకా లేని ఒంటిపోగు నైలాన్ అందరికీ తెలిసిందే, చవక. కానీ అది సాగుతుంది. తెగేలోపల తన పొడవులో ఐదోవంతుదాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సాగుతుంది. ముప్ఫై మీటర్ల దూరంలో చేప ఎరని కరిచినప్పుడు మనం కర్రని ఎంత గుంజినా ఆ గుంజు సగం దారం సాగటానికే సరిపోతుంది, ఎముకలాంటి ఆ నోట్లో గాలం దిగదు. పైగా నైలాన్ నీళ్ళు పీల్చుకుని కొంత బలం పోగొట్టుకుంటుంది, ఎండకి చెడుతుంది. రెండోది అల్లిక దారం. సన్నని పాలిథిలీన్ పోగుల్ని జడలా అల్లి చేస్తారు. సాగటం నూటికి మూడు నాలుగు వంతులే. ఎనభై పౌండ్ల అల్లిక దారం ఇంచుమించు ఇరవై పౌండ్ల నైలాన్ అంత మందమే ఉంటుంది. ఈ ఒక్క సంగతి ఆ దుకాణంలో ఎవరూ చెప్పరు. ఎనభై అనగానే పడవని ఒడ్డుకి కట్టే మోకు కళ్ళముందు మెదులుతుంది కాబోలు. మూడోది ఫ్లూరోకార్బన్. కాంతిని ఇంచుమించు నీటిలాగే వంచుతుంది కాబట్టి నీళ్ళలో అంతగా కనపడదు, బరువుగా మునుగుతుంది, బిరుసు. దాన్ని రీలు నిండా చుట్టరు, చివర ఒక అడుగో అడుగున్నరో మాత్రం కడతారు, వంద పౌండ్లో నూటముప్ఫయ్యో. లేదంటే ఉక్కుతీగ కడతారు. ఎందుకంటే అల్లిక దారానికి ఉన్న బలమంతా లాగుడుకే. బిగిసి ఉన్నప్పుడు ఒక్క పన్ను తగిలితే చాలు, పుటుక్కుమంటుంది.

నా అభిప్రాయం అడిగితే: మామూలుగా ఎనభై. నాచు దట్టంగా ఉన్నచోటా, అరకిలో ఎరలకీ వంద. చిన్న ఎరలతో సరదాపడే వసంతకాలంలో అరవై ఐదు. అంతకు తగ్గితే మస్కీ దగ్గరకి వెళ్ళకపోవటమే మంచిది. రంగు గురించి మగవాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారు. పాకుడు పచ్చ ఎంచుకుని ఊరుకోవచ్చు. ముడి మాత్రం ముఖ్యం. ఈ దారం జారుడు, మామూలు ముడి జారిపోతుంది. పలోమార్ అనే ముడి, దారాన్ని రెండు పేటలు చేసి వేసేది, నాకు నమ్మకం. బిగించేముందు ఉమ్మితో తడపాలి.

ఇంతకీ "మీకు తేలిగ్గా ఉంటుంది" అన్నమాట నిజమా? కాదు, యాంత్రికంగానే కాదు. చేప లాగుతున్నప్పుడు నా భుజం మీద పడే బలం దారం నిర్ణయించదు. రీల్లో డ్రాగ్ అనే బిళ్ళల అమరిక ఉంటుంది. దాన్ని ఎంత బిగిస్తే అంతవరకే అది ఆపుతుంది, ఆ పైన జారి దారాన్ని వదిలేస్తుంది. పదిహేను పౌండ్ల దగ్గర జారేలా పెట్టుకుంటే, చుట్టమీద ముప్ఫై ఉన్నా వంద ఉన్నా నా చేతికి తెలిసేది పదిహేనే. నిజంగా అలసట తెచ్చేది ఎర బరువూ, కర్ర పొడవూ, రోజుకి కొన్ని వందల విసుర్లూ. యాభై దాటిన నా భుజానికి పనికొచ్చే సలహా ఇవ్వాలనుకుంటే తొమ్మిదడుగుల కర్రకి పిడి ఎక్కడ ఉండాలో చెప్పాలి, చుట్టేటప్పుడు కర్రని చంకకింద ఎలా ఆనించుకోవాలో చెప్పాలి. అవి ఎవరూ చెప్పలేదు. దారం మాత్రం తగ్గించారు. బలహీనులని మనం ముందే అనుకున్నవాళ్ళకి ఏం కావాలో అడిగే పని ఉండదు, తగ్గించి ఇస్తే సరిపోతుంది.

ఇందులో చిత్రమేమిటంటే అదే సన్నదారం మగవాళ్ళ లోకంలో కిరీటం. ఎంత సన్నదారంతో ఎంత పెద్ద చేపని ఆపాడన్నది అక్కడ కొలమానం. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గాలం వేట సంఘం రికార్డుల్ని దారం తరగతుల వారీగా రాస్తుంది. సముద్రపు చేపల విషయంలో ఆ తరగతుల్లో మళ్ళీ మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేరు వేరు పట్టీలు. సన్నదారం వాడితే చేపకి "న్యాయమైన అవకాశం" ఇచ్చినట్టు అంటారు. ఒకే ముప్ఫై పౌండ్ల దారం ఆయన చేతిలో ఉంటే సాహసమూ, నా చేతిలో ఉంటే దయా అవుతుందన్నమాట. రెండింట్లోనూ చేప సంగతి ఎవరికీ పట్టదు. స్కాట్లాండులో టే నది మీద జార్జినా బాలంటైన్ అనే నర్సు 1922 అక్టోబరు 7న అరవైనాలుగు పౌండ్ల సాల్మన్ని పట్టింది. బ్రిటన్‌లో గాలానికి పడిన సాల్మన్ చేపల్లో ఈనాటికీ అదే పెద్దది. ఆ రికార్డుకి ఆడవాళ్ళ పట్టీ అక్కర్లేకపోయింది.

చేప సంగతికి వస్తాను. సన్నదారం తెగుతుందేమోనన్న భయంతో మెల్లగా, గంటసేపు లాగితే చేప ఒంట్లో కండరాలు అలసి రక్తం పుల్లబడిపోతుంది. వేసవిలో వేడెక్కిన నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. నీరు ఇరవై ఏడు డిగ్రీలకి చేరితే మస్కీ జోలికి పోకూడదని బాధ్యత తెలిసినవాళ్ళు మానేస్తారు. అలసిన చేపని వదిలితే చక్కగా ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపిస్తుంది, ఫోటో బాగా వస్తుంది. ఆ తర్వాత అడుక్కి పోయి చస్తే మనకి కనపడదు. దారం తెగితే మరీ అన్యాయం, ఆరు కొక్కేలున్న ఎరని నోటికి కుట్టుకుని తిరుగుతుంది. 1966లో మిన్నెసోటాలో మొదలైన మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్ లాంటి సంఘాల ప్రచారం వల్ల పట్టిన మస్కీని వదిలెయ్యటం ఇక్కడ ఇంచుమించు మతంలా పాకింది. అలా వదిలేదైతే తొందరగా తెచ్చి తొందరగా వదలాలి. అందుకు కావలసింది లావుపాటి దారం. వీరత్వం తక్కువ, చేప బతుకుతుంది.

ఇంకో విషయం. పెద్ద మస్కీలు ఆడవి. మగవి పెరుగుతాయిగానీ అంత పెరగవు, అంతకాలం బతకవు. నాలుగడుగులు దాటినదంటే ఇంచుమించు ఖాయంగా ఆడదే, ఒక్కో వసంతంలో లక్షకి పైన గుడ్లు పెట్టగల పెద్దముత్తైదువ. గోడలకెక్కిన ట్రోఫీలన్నీ, గడ్డాలాయన చేతుల్లో అడ్డంగా పడుకుని ఫోటోలు దిగినవన్నీ ఆమెవే. ఇక్కడి జాలర్లు పెద్ద చేప గురించి మాట్లాడేటప్పుడు "ఆమె" అనే అంటారు. నేను మొదట ఇది పడవల్నీ తుపానుల్నీ ఆడవాళ్ళని చేసే అలవాటే అనుకుని చిరాకుపడేదాన్ని. జీవశాస్త్రం కూడా అదే చెబుతోందని తెలిశాక ఏమనాలో తెలియలేదు.

ఒక అక్టోబరు సాయంత్రం వాబీసా సరస్సులో నా స్నేహితురాలి పడవలో ఉన్నాం. ఆమె రిటైరైన నర్సు, నాకు పలోమార్ ముడి నేర్పినదీ ఆమే. చీకటిపడే వేళ పడవ పక్కనే, ఎరని నీళ్ళలో ఎనిమిది అంకెలా తిప్పుతుంటే వచ్చింది. ఇది మస్కీ వేటలో రోజూ చేసే పనే, ఎరని వెంబడించి పడవదాకా వచ్చి కరవకుండా ఆగే చేపలుంటాయి, వాటికోసం. రెండు మీటర్ల దారం కూడా బయట లేదు. సాగే దారమైతే కాస్త మెత్తదనం ఉండేదేమో, ఇక్కడ మెత్తదనమంతా కర్రదీ డ్రాగ్‌దీ. అది పడవ కిందకి దూకింది, డ్రాగ్ గరగరమంది, తిరిగి పైకి వచ్చింది. నా స్నేహితురాలు వలసంచి పెట్టింది. మొత్తం మూడు నిమిషాలు దాటలేదు. సంచిని నీళ్ళలోనే ఉంచి, లోతుగా దిగిన రెండు కొక్కేల్ని కత్తెరతో తెంపేశాం. గాలాలు కొనుక్కోవచ్చు. నలభై ఆరు అంగుళాలు. తోక మొదట పట్టుకుని కాసేపు ఆగాను. నా చేయి విదిలించుకుని వెళ్ళిపోయింది. ఫోటో లేదు.

దారం ఎంపిక గురించి ఇంగ్లీషులో అచ్చయిన మొదటి పాఠం ఒక ఆడమనిషి పేరున చలామణీ అయింది. 1496లో వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' రెండో కూర్పులో గాలం వేట మీద ఒక చిన్న గ్రంథం చేర్చాడు. అందులో దారమంటే గుర్రపుతోక వెంట్రుకలు. చిట్టిచేపకి ఒక వెంట్రుక, ట్రౌట్‌కి తొమ్మిది, పెద్ద ట్రౌట్‌కి పన్నెండు, సాల్మన్‌కి పదిహేను. తెల్లగుర్రం తోకనుంచి తీసి, నీటి రంగునీ రుతువునీ బట్టి పచ్చగా, గోధుమగా, పసుప్పచ్చగా అద్దకం వెయ్యాలి. పటిక, బార్లీ సారాయి, పొయ్యిమీద మరిగించటం, ఆరబెట్టటం, అంతా వంటింటి కొలతల్లో రాసి ఉంటుంది. పైక్ అనే చేప దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెంట్రుకల లెక్క ఆపేసి, వడ్రంగులు గీతకొట్టుకునేలాంటి తాడు తీసుకొమ్మనీ, చేప కొరికి తెంపకుండా దానికి తీగ చుట్టమనీ చెబుతుంది. ఆ పైక్ మా మస్కీకి స్వయానా తోబుట్టువు. అయిదువందల ఏళ్ళ తర్వాత నేను ఎనభై పౌండ్ల దారం చివర ఉక్కుతీగ కడుతున్నది ఆ సలహా ప్రకారమే.

ఆ గ్రంథాన్ని సాప్‌వెల్ మఠాధిపతురాలు డేమ్ జూలియానా బర్నర్స్ రాసిందని చాలాకాలం నమ్మారు. ఆధారం బలహీనం. 1486 కూర్పులో వేటమీద ఉన్న భాగం చివర ఆమె పేరు ఉంది, గాలం వేట భాగం మీద ఎవరి పేరూ లేదు. సాప్‌వెల్‌లో ఆ పేరుతో మఠాధిపతురాలు ఉన్నట్టు రికార్డు దొరకలేదు. పండితులు అందుకని ఆమెని కొట్టేశారు. కొట్టెయ్యటంలో నాకేమీ అభ్యంతరం లేదు, సాక్ష్యం లేనిచోట పేరు పెట్టకూడదు. కాకపోతే ఆమె పేరు తీసేసిన చోట "అజ్ఞాత రచయిత" అని రాసి, ఆ తర్వాతి వాక్యంలో "అతను" అని మొదలుపెట్టేవాళ్ళని చూశాను. దానికి సాక్ష్యం ఎక్కడిదో వాళ్ళు చెప్పరు.

అద్దకం పేజీలు చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా అమ్మమ్మవాళ్ళు ఉప్పాడ దగ్గర సముద్రం మీద బతికినవాళ్ళు. మగవాళ్ళు వేటకి పోయేవాళ్ళు, సరే. ఆ వలకి నూలు ఎన్ని పేటలు పురిపెట్టాలి, కన్ను ఎంత ఉండాలి, ఎప్పుడు చెట్టుబెరడు కషాయంలో నానబెట్టాలి, ఇవన్నీ ఇంట్లో ఆడవాళ్ళ చేతుల మీదుగా సాగేవి. నైలాన్ వల వచ్చాక కషాయం అక్కర్లేకపోయింది, కుళ్ళదు కాబట్టి. యంత్రం అల్లిన వల వచ్చాక చేతులే అక్కర్లేకపోయాయి. కన్యాకుమారి తీరంలోనూ చేత్తో వలలల్లే ఆడవాళ్ళ కూలి ఇలాగే పోయింది. మా అమ్మమ్మకి మిగిలినవి చిరుగులు కుట్టటం, తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మటం. నైలాన్ మంచిదా చెడ్డదా అని ఆవిణ్ణి అడిగితే, "వల మంచిదే" అనేది. అంతకుమించి ఒక్క మాట అనేది కాదు.

1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసిన ఆ నైలాన్, 1940లో అమెరికా దుకాణాల్లో ఆడవాళ్ళ మేజోళ్ళుగా అడుగుపెట్టింది. పాతికేళ్ళ తర్వాత, 1965లో అదే కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక మబ్బుగా ఉన్న పలచని ద్రావణాన్ని తయారుచేసింది. వాళ్ళ అమ్మ కుట్టుపని చేసేది, తనూ చిన్నప్పుడు బట్టల డిజైనరు కావాలనుకుందట. ఆ ద్రావణాన్ని దారం తీసే యంత్రంలో పొయ్యటానికి అక్కడి టెక్నీషియన్ ఒప్పుకోలేదు, సన్నని రంధ్రాలు మూసుకుపోతాయని. పట్టుబట్టి పోయించింది. వచ్చిందే కెవ్లార్. గాలపు దారానికి అది కుదరలేదు, వంపు తిరిగే చోట, ముడి దగ్గర బలం పోతుంది. ఇప్పుడు మేం వాడేది దానికి తర్వాత వచ్చిన పాలిథిలీన్ పోగు, డైనీమా, స్పెక్ట్రా అనే పేర్లతో అమ్ముతారు. అయినా చుట్ట విప్పినప్పుడల్లా నాకు క్వోలెక్కే గుర్తొస్తుంది, ఆ టెక్నీషియన్‌తో ఆమె ఏ గొంతుతో మాట్లాడి ఉంటుందోనని.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెబితే ఒక్కటే అడిగింది. "ఏటే, పట్టి వదిలేత్తారా? తినడానికి కాకపోతే దాని నోట్లో ఇనుము గుచ్చడమెందుకు?" ఎనభై పౌండ్ల దారమూ, మూడు నిమిషాలూ, నీటి ఉష్ణోగ్రతా, అన్నీ చెప్పాను. ఆవిడ విని "ఊఁ" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్నది సగం జవాబే. ఆ చేపని అంత దగ్గరగా చూడాలనుంది నాకు, అంతే. ఆ కోరికకి న్యాయం ఉందని నేను గట్టిగా చెప్పలేను.

అమ్మ అడిగిన ప్రశ్నే ఇక్కడ ఇంకొకరు కూడా అడిగారు. 1837, 1842 ఒప్పందాల్లో ఒజిబ్వేలు తమ భూమిని వదులుకున్నా అక్కడ వేటాడే, చేపలు పట్టే హక్కుని ఉంచుకున్నారు. ఆ హక్కు చెల్లుతుందని 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. వసంతకాలపు రాత్రుల్లో దీపాలు పెట్టుకుని ఈటెలతో చేపలు పొడిచే వాళ్ళ పద్ధతిని చూసి ఉత్తర విస్కాన్సిన్ పడవరేవుల్లో ఆ దశాబ్దం చివర్లో గుంపులు చేరాయి. రాళ్ళు విసిరారు, బూతులు తిట్టారు. వాళ్ళ అభ్యంతరాల్లో ఒకటి, అది "క్రీడ" కాదని. తినటానికి పట్టేవాడిది అనాగరికం, ఆడుకోవటానికి పట్టేవాడిది సంస్కృతి. సన్నదారానికి కిరీటం పెట్టిన "న్యాయమైన అవకాశం" అన్న మాటలోనే ఈ తీర్పు కూడా దాక్కుని ఉంది. నాకు లావు దారం నచ్చటానికి ఇదీ ఒక కారణమేమో.

ప్రతిసారి నీళ్ళమీదినుంచి వచ్చాక దారం చివరి రెండు మీటర్లు వేలిగోటితో తడిమి చూస్తాను. పోగు లేచిన చోట గరుగ్గా తగులుతుంది. అక్కడికి కోసేసి కొత్తగా ముడి వేస్తాను. కోసిన ముక్కని సరస్సులో పడెయ్యకూడదు, అది కుళ్ళదు, లూన్ పక్షుల కాళ్ళకి చుట్టుకుంటుంది. పడవరేవుల దగ్గర పాత దారం వెయ్యటానికి గొట్టాలు పెట్టి ఉంటాయిగానీ వాటిలో ఒంటిపోగు నైలానే వెయ్యాలి, దాన్నే కరిగించి మళ్ళీ వాడతారు. అల్లిక దారానికి ఆ సౌకర్యం లేదు. నావి చిన్న ముక్కలు చేసి ఆవకాయ జాడీలో వేస్తున్నాను. జాడీ ముప్పాతిక నిండింది.